మొరిగే గొంతుకు కరెంటు పట్టీ



పావగడ కోట కింది వీధుల్లో వింటున్నవాళ్లకు, నాగలమడికె, తిరుమణి, వై.ఎన్. హొసకోట చుట్టుపక్కల పల్లెల్లో వింటున్నవాళ్లకు, రాష్ట్రం హద్దు దాటి మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు వింటున్నవాళ్లకు, అందరికీ పనికొచ్చే ఒక సంగతి ఈ పూట చెబుతాను. అది కుక్క మొరుగుడు గురించి. మరీ ఎక్కువగా మొరిగే కుక్క నోరు మూయించడానికి దాని మెడకు కట్టే ఒక యంత్రం గురించి.

ఆ యంత్రం పేరు బార్క్ కాలర్. చూడటానికి మామూలు మెడపట్టీలాగే ఉంటుంది. గొంతు కిందికి వచ్చేలా దానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. మొరిగినప్పుడు కుక్క గొంతు అదురుతుంది కదా, ఆ అదురును పెట్టెలోని సెన్సరు పట్టుకుంటుంది. కొన్నింట్లో మైకు కూడా ఉంటుంది. అదురు తెలియగానే పెట్టె తన పని మొదలుపెడుతుంది. కొన్ని రకాలు ఊరికే వణుకుతాయి. కొన్ని సిట్రొనెల్లా అనే గడ్డి నూనెను కుక్క మూతి వైపు చిమ్ముతాయి. కొన్ని మన చెవికి అందని సన్నటి కూత వేస్తాయి. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాకా వినగలిగితే కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది కాబట్టి ఆ కూత దానికి ఒక్కదానికే నరకం. ఇక నాలుగో రకం కరెంటు పట్టీ. దానికి లోపలి వైపు రెండు ఇనప ములుకులు ఉంటాయి. అవి గొంతు చర్మానికి ఆనుకుని ఉండాలి. కుక్క మొరిగిన ప్రతిసారీ ఆ ములుకుల గుండా షాక్ తగులుతుంది. కొన్ని పట్టీల్లో, ఆపకుండా మొరిగేకొద్దీ షాక్ పెరుగుతూ పోతుంది.

ఫోనులో ఆర్డరు పెడితే ఇది పార్సిల్‌లో ఇంటికి వస్తుంది. డాక్టరు చీటీ అక్కర్లేదు. ఎలా వాడాలో చెప్పే మనిషి ఉండడు. కట్టేసి మరిచిపోతే అడిగేవాడూ ఉండడు.

దీన్ని కొనేవాళ్లను నేను తప్పుపట్టడానికి రాలేదు. రాత్రంతా కుక్క అరుస్తుంటే ఆ బాధ పడేవాళ్లకే తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పితకాల్సిన మనిషికి నిద్ర కావాలి. పరీక్షలకు చదివే పిల్లకు కాస్త నెమ్మది కావాలి. మంచం పట్టిన ముసలమ్మకు కునుకు కావాలి. పక్కింటివాళ్లు మొదటి రోజు సర్దుకుంటారు, పదో రోజు గొడవకు వస్తారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రెండు వైపులా చూశాయి. మొరుగుతోందన్న కారణంతో పెంపుడు కుక్కలను నిషేధించడం కుదరదని చెబుతూనే, ముఖ్యంగా రాత్రి వేళల్లో కుక్కను నెమ్మదిగా ఉంచే ప్రయత్నం పెంచేవాళ్లు చేయాలని కూడా చెప్పాయి. కాబట్టి ఇరుగుపొరుగు నిద్ర కూడా మన బాధ్యతే.

మరి ఆ పట్టీ పనిచేస్తుందా అని అడుగుతారు. చాలాసార్లు పనిచేస్తుంది. అమెరికాలో 1996లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో గడ్డి నూనె చిమ్మే పట్టీని, కరెంటు పట్టీని ఒకే కుక్కలకు మార్చి మార్చి కట్టి చూశారు. కరెంటు కంటే నూనె పట్టీతోనే ఎక్కువ కుక్కలు మొరుగుడు తగ్గించాయి. 2007లో అచ్చయిన మరో పరిశోధనలో రెండు రకాల పట్టీలూ అరుపును తగ్గించాయి, కుక్కల రక్తంలో ఒత్తిడి హార్మోను కూడా లెక్కలోకి వచ్చేంత పెరగలేదు. అటు నెదర్లాండ్స్‌లో కరెంటు పట్టీతో శిక్షణ ఇచ్చిన కాపలా కుక్కల మీద చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. ఆ కుక్కలు శిక్షణ లేనప్పుడు కూడా యజమాని దగ్గర భయంభయంగా ఉండటం అందులో కనబడింది. వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని వాదించడం నాకు ఇష్టం లేదు. పట్టీ కడితే అరుపు తగ్గవచ్చు. ఒప్పుకుంటాను. నా పట్టుదలంతా ఆ తర్వాతి ప్రశ్న మీద ఉంది. కుక్క దేనికోసం మొరిగిందో ఆ కారణం ఏమైంది? పట్టీకి ఆ కారణం తెలియదు. దొంగను చూసి మొరిగినా, దాహమై మొరిగినా, చెవి నొప్పితో మొరిగినా అది వేసే శిక్ష ఒక్కటే.

మన భారతం మొదట్లోనే ఇలాంటి శిక్ష ఒకటి ఉంది. నన్నయ ఆదిపర్వంలో సరమ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్ల సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. అది ఏ తప్పూ చేయలేదు. ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. ఆ తల్లి సరమ నేరుగా రాజు ముందుకే వచ్చి నిలదీసింది. మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధు జీవులకు కీడు చేసేవాళ్లకు అనుకోని భయాలు వచ్చిపడతాయని హెచ్చరించి పోయింది. అంత పెద్ద కథకు మన ఆదికవి దగ్గర మొదటి మెట్టు మీదే ఒక కుక్కతల్లి న్యాయం అడుగుతూ నిలబడి ఉంది. తప్పు ఏమిటో విచారించకుండా దండన వేయకూడదని ఆ తల్లి చెప్పింది. ఈ రోజు మొరిగే కుక్కకు కూడా మనం బాకీ ఉన్నది ఆ విచారణే.

విచారించడం కష్టమేమీ కాదు. మొరుగుడులో తేడాలు ఉంటాయి, వాటిని మన చెవి పట్టుకోగలదు. హంగరీలో బుడాపెస్ట్ నగరంలోని ఒత్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముదీ అనే గొర్రెలు తోలే జాతి కుక్కల మొరుగుళ్లను రికార్డు చేశారు. కొత్త మనిషి వచ్చినప్పుడు, ఒంటరిగా కట్టేసినప్పుడు, ఆడుకునేటప్పుడు, ఇలా వేర్వేరు సందర్భాల్లో తీసిన శబ్దాలను మనుషులకు వినిపించి, ఇది ఏ సందర్భమో చెప్పమన్నారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎన్నడూ కుక్కను పెంచనివాళ్లు కూడా గుడ్డిగా చెబితే కుదిరేదాని కంటే చాలా ఎక్కువసార్లు సరిగ్గా చెప్పారు. కాలిఫోర్నియాలో 2004లో అచ్చయిన ఇంకో పరిశోధన ఆ తేడా ఏమిటో కొలిచింది. అలికిడికి మొరిగే మొరుగుడు బొంగురుగా, కింది స్వరంలో, ఎడతెరిపి లేకుండా ఉంటుంది. ఒంటరితనంలో మొరిగేది సన్నగా, పైస్వరంలో, ఆగి ఆగి వస్తుంది. జీవాలు మేపే మన కాపరికి ఈ సంగతి ఏ విశ్వవిద్యాలయమూ చెప్పనక్కర్లేదు. దొడ్డి దగ్గర పడుకుని, కళ్లు తెరవకుండానే, ఇది నక్కకు మొరిగిన మొరుగుడా, దారినపోయే మనిషికి మొరిగినదా చెప్పేస్తాడు.

ఆ కాపరి మాట వచ్చింది కాబట్టి మన పావగడ తాలూకా సంగతి కూడా చెప్పాలి. వాన తక్కువ పడే నేల మనది. శెనక్కాయ చేలు, రాతిగుట్టలు, గొల్లల, కురుబల మందలు. అయిదు ఊళ్ల పొలాల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. 2018లో అది మొదలైనప్పటి నుంచి తిరుమణి వైపు మేత బయలు కొంత కంచెల వెనక్కి పోయింది. గుట్టల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. మన తుమకూరు జిల్లాలోనే గుబ్బి వైపు 2019 చివర్లో, 2020 మొదట్లో చిరుత దాడుల్లో మనుషులు చనిపోయిన సంగతి మనం మరవలేదు. ఇలాంటి చోట రాత్రి మంద దగ్గర కుక్క మొరగకపోతే ఏమవుతుందో ఆలోచించండి. మందకు మనుషులు కాపలా అయితే, ఆ మనుషులకు కుక్క గొంతు కాపలా.

లోకంలో చాలాచోట్ల కాపరులు కుక్క మెడకు ఇనప పట్టీ కడతారు. హిమాచల్ కొండల్లో గద్దీ కాపరులు కడతారు. తుర్కియేలో కంగాల్ జాతి కుక్కలకూ కడతారు. ఆ పట్టీకి ఇనప ముళ్లు ఉంటాయి. ముళ్ల మొనలు బయటి వైపుకు ఉంటాయి. చిరుత గానీ తోడేలు గానీ మొదట పట్టేది గొంతునే కాబట్టి ఆ గొంతును కాపాడటానికి ఆ ముళ్లు. మనం ఈ రోజు పార్సిల్‌లో తెప్పించుకునే పట్టీకి కూడా ఇనప ములుకులు ఉన్నాయి. అవి లోపలి వైపుకు, అదే గొంతుకు ఆనుకుని ఉంటాయి. కాపరి తన కుక్క గొంతు మీద ఆధారపడ్డాడు, కాబట్టి దాన్ని కాపాడే పట్టీ చేసుకున్నాడు. మనం అదే గొంతును శత్రువుగా చూస్తున్నాం.

మన పెద్దలు కుక్కను అలా చూడలేదు. మన కన్నడ నేల మీదే కుక్కకు వేసిన శిలాశాసనం ఉంది. మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటిది. పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చనిపోయిన కాళి అనే వేటకుక్క కోసం మణలేరుడనే వీరుడు ఆ రాయి నిలబెట్టించి, దానికి పూజ జరిగేలా భూమి ఇప్పించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పిల్లలతో బెంగళూరు వెళ్లినప్పుడు చూపించండి.

సరే, ఇక విచారణ ఎలా చేయాలో చెబుతాను. ఒక వారం పాటు నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఏ వేళకు మొరిగింది, ఎటు చూసి మొరిగింది, ఎంతసేపు మొరిగింది, ఏం జరిగాక ఆపింది. ఈ నాలుగే. వారం తిరిగేసరికి కారణం చాలావరకు మీ కళ్ల ముందే ఉంటుంది.

అన్నిటికంటే ముందు గొలుసు చూడండి. పొద్దంతా రెండు మూరల గొలుసుకు కట్టేసిన కుక్కకు చేయడానికి వేరే పని లేదు. వాసన చూడటానికి పోలేదు, తిరగలేదు, ఉన్న ఒక్క పని మొరగడమే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్‌లో ఈ సంగతి ఉంది. మరీ పొట్టి గొలుసుకో మరీ బరువు గొలుసుకో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకుండా వదిలేయడమూ నేరమే. తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. అకారణంగా నొప్పి పెట్టడం అన్నిటికంటే ముందు రాసిన నేరం. మొదటిసారి తప్పుకు ఆ చట్టం వేసే జరిమానా పది నుంచి యాభై రూపాయలే. కాబట్టి చట్టానికి భయపడి ఎవరూ గొలుసు విప్పరు. జాలిపడి విప్పాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపించుకు రండి. దొడ్డిలో ఇటు నుంచి అటు ఎత్తుగా తీగ కట్టి, గొలుసు కొస దాని మీద జారేలా వేసినా కుక్కకు తిరగడానికి చోటు దొరుకుతుంది. సగం ఇళ్ల గొడవ ఇక్కడే తీరవచ్చు.

తర్వాత ఎండ, దాహం. మన ఎండాకాలం రేకుల షెడ్డు కింద మనిషే ఉండలేడు. నీళ్ల మట్టిపాత్ర కుక్కకు అందేచోట, నీడలో, నిండుగా ఉందా లేదా రోజుకు రెండుసార్లు చూడండి.

తర్వాత ఒళ్లు. పిడుదులు పట్టి దురదతో, చెవిలో చీముతో, కీళ్ల నొప్పితో రాత్రిళ్లు అరిచే కుక్కలు ఉంటాయి. ముసలితనంలో చూపూ వినికిడీ మందగించి, తానెక్కడున్నదో తెలియక అరిచేవి ఉంటాయి. నిన్నటి దాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి అరుపు మొదలుపెడితే పశువైద్యశాలకు తీసుకుపోండి. కదల్లేని స్థితి అయితే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం అందుతుంది. ఆ ఫోనుకు డబ్బు పడదు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెబుతాను. రేబిస్ సోకిన కుక్కకు గొంతు కండరాలు పట్టుతప్పుతాయి, అందుకని దాని మొరుగుడు మారిపోతుంది. బొంగురుపోతుంది, లేకపోతే వింతగా సాగుతుంది. నోటి వెంట సొంగ కారుతుంది, మింగలేదు. గొంతు మారడం ఇంటివాళ్లకు అందే తొలి హెచ్చరికల్లో ఒకటి. ఆ గొంతును పట్టీతో నొక్కేస్తే ఆ హెచ్చరిక మనకు చేరదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం ఏదీ పూయొద్దు. వెంటనే సబ్బు రాసి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి పోయి సూది వేయించుకోండి. రోగం బయటపడ్డాక మందు లేదు. ముందు జాగ్రత్తే ప్రాణం.

ఈ కారణాలేవీ కాకుండా, వచ్చేపోయే ప్రతి మనిషికీ, ప్రతి బండికీ మొరిగే కుక్క ఉంటుంది. దానికి కరెంటు పట్టీ కడితే ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. నొప్పి తగిలిన క్షణంలో తన ఎదురుగా ఏది ఉంటే ఆ నొప్పిని దానికి ముడిపెట్టుకోవడం జంతువు స్వభావం. గేటు దగ్గరికి పక్కింటి పాప వచ్చింది, కుక్క మొరిగింది, షాక్ తగిలింది. నాలుగుసార్లు ఇలా జరిగితే ఆ పాపే తనకు నొప్పి తెచ్చిపెడుతోందని కుక్క అనుకోవచ్చు. అప్పుడు మొరగదు, నేరుగా కరుస్తుంది. మొరుగుడు, గుర్రుమనడం మనకు ఇచ్చే గడువు లాంటివి. వెనక్కి తగ్గడానికి ఇచ్చే గడువు అది. దాన్ని మనమే తీసేస్తే నష్టపోయేది మన పిల్లలే. పైగా ములుకులు గొంతుకు గట్టిగా ఆనాలి కాబట్టి గంటల తరబడి ఉంచితే అక్కడ చర్మం ఒరిసి పుండు పడుతుంది. ఇంకో కుక్క మొరిగినా, తలుపు దబ్బున పడినా మైకు పట్టీలు కొన్ని పొరపాటున షాక్ కొడతాయి. అప్పుడు పాపం, నోరు విప్పని కుక్కకు కూడా శిక్ష పడుతుంది. వేల్స్ దేశం 2010లో కరెంటు షాక్ ఇచ్చే కుక్క పట్టీల వాడకాన్ని నిషేధించింది.

మరి ఏం చేయాలి? నేర్పించాలి. అలికిడికి కుక్క మొరిగినప్పుడు మీరు కేకలు వేయకండి. మీరు అరిస్తే మీరూ తనతో కలిసి మొరుగుతున్నారని అది అనుకోవచ్చు. లేచి వెళ్లండి, అది చూస్తున్న వైపు మీరూ చూడండి. చూశానన్న సంగతి దానికి తెలియాలి. తర్వాత నెమ్మదిగా, ఎప్పుడూ ఒకే మాటతో, "చాలు" అనండి. అది ఒక్క క్షణం ఆగినా సరే, ఆ క్షణంలోనే వేలంత సంగటి ముక్క నోటికి అందించండి. ఆగాక ఇవ్వాలి, మొరుగుతుండగా ఇవ్వకూడదు. మొదట రెండు క్షణాలు ఆగుతుంది, తర్వాత పది, తర్వాత నిమిషం. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నాన్న ఒకటి, పిల్లలు ఒకటి అంటే దానికి అర్థం కాదు. ఓపిక పట్టాలి, కొన్ని వారాలు పడుతుంది. ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో అచ్చు వేసిన పరిశోధనలో, పిలిస్తే వెనక్కి రావడం లాంటి పనులు నేర్పేటప్పుడు కరెంటు పట్టీ వాడినవాళ్లకు, తాయిలంతో నేర్పినవాళ్లకు ఫలితంలో తేడా ఏమీ రాలేదని తేలింది. నొప్పి లేకుండా అదే ఫలితం వస్తుంటే నొప్పి దేనికి?

వీధిని చూసి మొరిగే కుక్కకు గేటు కింది భాగం రేకుతోనో తడికతోనో మూసేయండి. కనబడకపోతే సగం తగ్గుతుంది. ఒంటరిగా ఉండలేని కుక్కకు మీరు పనికి పోయేముందు టెంకాయ చిప్పలో సంగటి గట్టిగా అదిమి పెట్టి పోండి. అది గీక్కుని తినేసరికి మీరు పోయిన దిగులు కొంత మరుస్తుంది. ఎదకు వచ్చిన ఆడకుక్క వల్ల, దాని వెంట వచ్చే మగకుక్కల వల్ల వీధంతా రాత్రుళ్లు గోల అయితే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమే దారి. రాత్రి కుక్కను బయట గొలుసుకు కట్టేయొద్దు. చిరుతకు కట్టేసిన కుక్క సులువైన ఆహారం. లోపలి దొడ్డిలో, తలుపు వేసిన చోట పడుకోబెట్టండి. దానికీ భద్రం, పక్కింటికీ కాస్త నెమ్మది.

పక్కింటివాళ్లతో మాట్లాడటం మరవకండి. "అక్కా, మా కుక్క మీ నిద్ర చెడగొడుతోందని తెలుసు, ఇదిగో ఈ నెల రోజులు నేర్పిస్తున్నాం" అని ముందుగా మనమే వెళ్లి చెబితే, గొడవకు రావాల్సిన మనిషి కూడా ఓపిక పడుతుంది. వీలైతే ఆ అక్క చేత్తోనే కుక్కకు ఒక సంగటి ముద్ద పెట్టించండి. తనకు తెలిసిన మనిషికి ఏ కుక్కా అంతగా మొరగదు.

ఇప్పటికే కరెంటు పట్టీ కొన్నవాళ్లు దాన్ని ఈ పూటే విప్పండి. ములుకులు ఆనిన చోట వెంట్రుకలు తొలగించి చర్మం చూడండి. ఎర్రగా ఉన్నా, పుండు ఉన్నా డాక్టరుకు చూపించండి. మీ ఊళ్లో ఎవరైనా కొనబోతుంటే, కొనకముందు ఒక వారం నోటుబుక్కు రాయమనండి, ఒకసారి పశువైద్యశాలకు తీసుకుపొమ్మనండి. ఆ రెండూ చేశాక కూడా పట్టీ కావాలనిపించే ఇళ్లు చాలా తక్కువ ఉంటాయని నా నమ్మకం. కుక్క మొరిగితే మొదట అడగాల్సింది "దీని నోరు ఎలా మూయాలి" అని కాదు. "దీనికి ఏం కావాలి" అని అడగండి. జవాబు సాధారణంగా ఒక గిన్నె నీళ్లో, ఒక అరగంట నడకో, ఒక సూదిమందో అయి ఉంటుంది. అవి ఇవ్వగలిగే చేయి మనది.